మైకు అసలు పేరు

"ఇంక మాట్లాడకూడదు బాబాయ్," అంది మా అన్నయ్య కూతురు, నా నోటికి అడ్డంగా రబ్బరు గుడ్డ పరిచి, దాన్ని చిన్న ఇనప కొక్కెంతో పంటికి కరిపించి, పైనున్న దీపాన్ని నా మొహం మీదికి లాగుతూ. "గంట పడుతుంది. నొప్పనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తు. నొప్పికి మాత్రమే ఎత్తాలి, అభిప్రాయం చెప్పడానికి కాదు." పక్కన గొట్టం పట్టుకుని నిలబడ్డ అసిస్టెంటు, ఆస్పత్రిలో అందరూ అక్కా అని పిలిచే మనిషి, మొహానికి కట్టుకున్న మాస్కు లోపలే కిసుక్కున నవ్వింది.

మెలకువగా ఉండి గంటసేపు నోరు మూసుకోవడం నా జన్మలో ఇదే మొదటిసారి, మూసుకోవడం కూడా కాదు, బార్లా తెరిచి మాట్లాడకపోవడం, ఇంతకన్నా పెద్ద శిక్ష నాకు ఎవరూ కనిపెట్టలేరు. నేను పౌరశాస్త్రం చెప్పుకుని బతికేవాణ్ణి, కాలేజీలో గంట కొట్టేదాకా చెబుతాను, కొట్టాక చెబుతాను, స్టాఫ్ రూములో టీ చల్లారిపోతుంటే చెబుతాను, ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటూ చెబుతాను, అన్నయ్య పిల్లలూ వాళ్ళ స్నేహితులూ చిన్నప్పుడే నాకు రాజ్యాంగం బాబాయ్ అని పేరు పెట్టేశారు, అది మెచ్చుకోలని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు కింది పెదవిలో సగం నాది కాకుండా పోయింది, సూది మందు పని చేస్తోంది, చెంప ఎవరిదో తెచ్చి నాకు అతికించినట్టుంది, నాలుక ఎటు తిప్పినా రబ్బరే తగులుతోంది. దీపం గుండ్రంగా, తెల్లగా, కళ్ళు మూసుకున్నా రెప్పల్లోంచి ఎర్రగా కనిపిస్తోంది. లవంగనూనె వాసన. గొట్టం గుడగుడమంటూ నా ఉమ్ముని నాకంటే ముందే తాగేస్తోంది. పన్ను ఎలా విరిగింది బాబాయ్ అని వచ్చీరాగానే అడిగింది, ఏదో గట్టిది కొరికానన్నాను. ఏం కొరికావంటే గుర్తులేదన్నాను. అబద్ధం. కొరికింది పళ్ళనే, పై పళ్ళతో కింది పళ్ళని, మొన్న సాయంత్రం, మా వీధి అరుగు మీద నిలబడి, అందరూ చూస్తుండగా.

యంత్రం మొదలైంది. సన్నని కీచుమనే ఆ చప్పుడు చెవిలోంచి రావడం లేదు, ఎముకలోంచి వస్తోంది. మొన్న సాయంత్రం పన్ను విరగకముందే నేను మనిషిని కాను. పెద్ద ఎన్నికలో ఆ పెద్దాయనే మళ్ళీ గెలిచాడు, ప్రశ్నలడిగేవాళ్ళు పనీపాటా లేనివాళ్ళని సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నవాడు, కోర్టులు అడ్డమొస్తే కోర్టుల్నే జరుపుదామన్నవాడు, గెలవడమంటే మామూలు గెలుపా, టీవీలో పటమంతా ఒకే రంగు. నేను కుర్చీలో కూర్చోలేక, నిలబడలేక, ఫోను తీసుకుని బావమరిదికి చేసి జనానికి బుద్ధి లేదన్నాను, ఇంకొకాయనకి చేసి అదే అన్నాను, మూడో ఆయన ఎత్తకపోతే ఆయనకీ బుద్ధి లేదనుకున్నాను. మా ఆవిడ ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఓటంటే ఏమిటో తెలీనివాళ్ళకి ఓటెందుకు చెప్పు, అని ఆవిడ మీద పడ్డాను, బండి నడపడానికి పరీక్ష ఉంది, చివరికి లిఫ్టు బాగుచేసేవాడికీ పరీక్ష ఉంది, దేశాన్ని చేతిలో పెట్టడానికి పరీక్ష లేదా, బూత్ గుమ్మంలోనే నాలుగు ప్రశ్నలు అడగాలి, నువ్వు ఓటేసే మనిషెవరు, ఏం చేస్తానన్నాడు, గెలిస్తే అతనికి ఏ అధికారం ఉంటుంది, చెప్పలేకపోతే ఇంటికి పొమ్మనాలి. ఆవిడ తువ్వాలు మడత తిన్నగా రాలేదని మళ్ళీ విప్పింది. "ఫెయిలైనవాళ్ళు పన్నులు మాత్రం కట్టాలా మరి?" అంది. నీకు ప్రతిదీ వేళాకోళమే అన్నాను. ఆవిడ వేళాకోళం చేయలేదు, ఆవిడ అడిగింది, అంతే. ఆ నాలుగు ప్రశ్నలూ తల్చుకుంటే ఇప్పుడు ఈ కుర్చీలో ఒళ్ళు చచ్చిపోతోంది. ఆ పరీక్ష ఆ వారం నాకే పెట్టి ఉంటే మొదటి ప్రశ్న దగ్గరే నన్ను గుమ్మంలోంచి పంపేసేవాళ్ళు.

"కొంచెం అటు తిరుగు బాబాయ్. ఆఁ, అంతే."

తిరిగాను. ఇప్పుడు కిటికీ కనిపిస్తోంది, కిటికీలో గోడ, గోడ మీద ఇంకా చింపని మైకు పోస్టరు మూల ఒకటి, పళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి, తెల్లగా, ఒక్కటీ విరగకుండా. మైకు అంటే పెద్ద ఎన్నికతోపాటే జరిగిన వార్డు ఎన్నికలో మొన్న గెలిచిన మా సభ్యుడు. వాణ్ణి ఎరగనివాళ్ళు లేరు, పెళ్ళిలో మైకు వాడి చేతిలోనే, చావు కబురు చెప్పే బండిలో మైకు వాడి చేతిలోనే, స్కూలు ఆటల పోటీల్లో వాడే, పప్పుల దుకాణం తెరిస్తే వాడే, ఉఫ్ ఉఫ్ అని ఊది, హలో హలో అని, ఇక వదలడు. వాడి తల్లి కూడా వాణ్ణి మైకూ అనే పిలుస్తుందని చెప్పుకుంటారు, పోస్టర్ల మీదా మైకు అనే పెద్దక్షరాల్లో, అసలు పేరు అడుగున చీమంత. ఈ ఎన్నికలో వాడు వార్డంతా తిరిగి చెప్పింది ఒక్కటే, మూల మీదున్న ఈ వార్డు ఆస్పత్రి పాతబడిపోయింది, కూలగొట్టి ఇక్కడ అంతస్తుల అంగడి కట్టిస్తాను, కింద కార్లు, పైన సినిమా. ఈ ఆస్పత్రి అంటే ఎంత, రెండు గదులు, ఒకదాంట్లో పిల్లల డాక్టరు, ఒకదాంట్లో ఈ కుర్చీ, ఈ దీపం, మా అన్నయ్య కూతురు. పెద్ద క్లినిక్కులో మంచి ఉద్యోగం వదిలి ఇక్కడికొచ్చింది ఇది. ఎందుకే అంటే అక్కడ పళ్ళు బాగున్నవాళ్ళే వస్తారు బాబాయ్ అంది. ఎన్నికలకి ముందు మా ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు నాతో ఒకే ఒక్క మాట చెప్పింది, "నేను ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి నోరెత్తకూడదు. నువ్వు నీకిష్టమైనవాళ్ళకి వేసుకో బాబాయ్, మైకుకి తప్ప." నేను అప్పుడు పెద్ద ఎన్నిక గురించే మాట్లాడుతున్నాను, ఆ పెద్దాయన గురించి, అధికారాల విభజన గురించి, ఈ మాట మధ్యలో వచ్చింది, ఆ ఆ అన్నాను, అంతే, మళ్ళీ విభజన దగ్గరికే వెళ్ళాను. అడిగితే బావుండేది కదా, మైకు పేరేమిటే అని, నీళ్ళ గ్లాసు ఇటు ఇమ్మన్నంత తేలిక, అడగలేదు.

గొట్టం బుగ్గకి అతుక్కుంటే అక్క లాగింది, చిట్లిన చప్పుడు. వాళ్ళిద్దరూ నా మీదుగా మాట్లాడుకుంటున్నారు, నేను బల్లనైనట్టు. "మా ఆయన మైకుకే వేశాడు డాక్టరమ్మా," అంటోంది అక్క. "ఇక్కడ నా పని పోతుందని తెలుసు. తెలిసీ వేశాడు." ఎందుకు అని ఇది అడిగింది. "వాడు మా ఆయన్ని నలుగురిలో బావా అని పిలిచాడంట. మా ఆయన్ని అట్లా ఎవరూ పిలవరు, నాకు అన్నదమ్ములు లేరు కదా. ఆ పిలుపుకే ఇంటికొచ్చినాక కూడా నవ్వుతూనే ఉన్నాడు." మా పిల్ల చేతిలో యంత్రం ఆగింది. "అక్కా, నువ్వేమన్నావు?" "ఏమంటాను? రెండు రోజులు అన్నం పెట్టలేదు. మూడో రోజు తనే వండాడు, ఉప్పు మరిచిపోయాడు, అదే తిన్నాం." ఇద్దరూ నవ్వారు, పైన దీపం కూడా కదిలింది. ఇంకో రోజైతే నేను ఎడమ చెయ్యి ఎత్తి ఉండేవాణ్ణి, చూశారా, ఇదీ మన ప్రజాస్వామ్యం, ఒక బావా అన్న పిలుపు ఖరీదు అని. ఇవాళ చెయ్యి ఎత్తబుద్ధి కాలేదు. పిలుపుకి ఓటేసినవాడు కూడా ఎవరు పిలిచారో ఎరుగును. వాడి కక్కుర్తికి ఒక మొహం ఉంది, పేరుంది. నాదానికేముంది?

ఆ పేరు. ఆ పేరు ఎంత నిండుగా ఉందని, మూడు మాటల పేరు, మొదటిది ముత్తాత నాటిది, రెండోది నదీప్రవాహంలా సాగింది, మూడోది ఒక బిరుదు లాంటిది, చదువుతుంటేనే ఎదురుగా నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, కోర్టులోనో హైస్కూల్లోనో పెద్దరికం చేసి దిగిన మనిషి కనిపించాడు. ఇక్కడి పద్ధతి ఏమిటంటే వార్డు ఎన్నికకి గుర్తులుండవు, బొమ్మలుండవు, పార్టీలుండవు, కాగితం మీద ఉత్త పేర్లే. ఆ పద్ధతిని మెచ్చుకుంటూ పత్రికకి ఉత్తరం రాసినవాణ్ణి నేనే, గొడుగు బొమ్మ చూసి గుద్దే రోజులు పోవాలి, పౌరుడు పేరు తెలుసుకుని, మనిషిని తెలుసుకుని ఓటేసే రోజు రావాలి అని, వేశారు కూడా ఆ ఉత్తరాన్ని, కత్తిరించి అద్దం వెనకాల పెట్టుకున్నాను. బూత్‌లో పెద్ద కాగితం మీద తడుముకోకుండా నొక్కి గీసి, రెండో కాగితం ఇస్తే, చిన్నది, పచ్చటిది, ఇదేమిటి అనుకున్నాను ఒక్క క్షణం. ఇలాంటిదొకటి ఉంటుందని తరగతిలో చెబుతాను, పరీక్షలో అడుగుతాను, మార్కులు వేస్తాను, లైన్లో దాని మాట వచ్చి ఎంతోసేపు కాలేదు, అయినా చేతిలో పెడితే గుర్తుపట్టలేదు. నాలుగు పేర్లున్నాయి. ఒక్కటీ తెలీదు. అభ్యర్థుల పేర్లు వార్డు ఆఫీసు గోడకి అంటించి ఉంటాయని కూడా నేనే చెబుతాను, ఆ గోడ పక్కనుంచే రోజూ కాలేజీకి నడుస్తాను. తెల్లగా వదిలేద్దామంటే తెల్ల ఓటు పిరికివాడి ఓటని ముప్పై ఏళ్ళుగా నేను అనని రోజు లేదు. సరే, మైకుకి తప్ప అంది కదా పిల్ల, మైకుని తీసేద్దాం అనుకుని వెతికాను, వెతికింది ఎలాగో ఇప్పుడు ఈ కుర్చీలో ఈ దీపం కింద ఒప్పుకోవాలంటే, పెదవి కూడా నాది కాని ఈ స్థితిలో కూడా, చెవులు కాలుతున్నాయి. ఒక పేరు పొట్టిగా ఉంది. ఇంటిపేరు లేదు. మోటగా ఉంది. ఇదే మైకుది అయ్యుంటుంది అనుకున్నాను. అలాంటివాడికి ఇలాంటి పేరే ఉంటుంది అనుకున్నాను. దాన్ని వదిలి ఆ మూడు మాటల పేరు దగ్గర గీత పెట్టి, మడత పెట్టి, ఒక మంచి పని చేసినవాడిలా తెర తీసి బయటికొచ్చాను.

ఆ పొట్టి పేరు ఎవరిదో నిన్న కనుక్కున్నాను. పాలకేంద్రం నడిపే ఆవిడది. ఈ ఆస్పత్రికి ఇంకో గది వేయిస్తానని తిరిగిందట ఇల్లిల్లూ. మా ఇంటికి కూడా వచ్చిందట, నేను లోపల టీవీలో చర్చ చూస్తున్నానని మా ఆవిడ గుమ్మంలోనే మాట్లాడి పంపించింది.

"నొప్పా బాబాయ్? కళ్ళల్లో నీళ్ళొస్తున్నాయి." తల అడ్డంగా ఊపాను, ఊపకూడదని అక్క గడ్డం పట్టుకుంది. దీపం వెలుగుకి అనుకుందేమో, దీపాన్ని కొంచెం పక్కకి జరిపింది పిల్ల. ఎంత మెత్తటి చెయ్యి దీనిది. చిన్నప్పుడు సెలవుల్లో పిల్లలందరూ మా ఇంట్లో చేరితే ఏ సినిమాకి వెళ్ళాలన్నా నేను ఎన్నిక పెట్టేవాణ్ణి, చీటీలు, బిస్కెట్ల డబ్బా, అధికారిగా మా ఆవిడ, గెలిచిన సినిమాకే అందరూ. వీళ్ళలో ఇదే చిన్నది, ఇంకా చదవడం కూడా సరిగా రాదు, చీటీ వేసే ముందు ప్రతిసారీ నా లుంగీ పట్టుకుని అడిగేది, "ఓడిపోయినవాళ్ళని కూడా తీసుకెళ్తావు కదా బాబాయ్?" తీసుకెళ్తానే, దాందేముంది అనేవాణ్ణి. పాఠమంతా అదేనని నాకు అప్పుడు తట్టలేదు, ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, దాన్ని ఎత్తుకుని నవ్వాను. మొన్న సాయంత్రం పెద్దాయన్ని గెలిపించినవాళ్ళ గురించి నేను అన్న మాటలు దీని చెవిన పడితే ఏమనుకునేదో. బుద్ధి లేదన్నాను, గొర్రెల మంద అన్నాను, ఇంకేదో అన్నాను, ఆ మాటకి మా ఆవిడ తలుపు దగ్గరగా వేసింది.

మొన్న అలా తిడుతూ ఉండగానే టీవీ అడుగున చిన్న అక్షరాల్లో వార్డుల ఫలితాలు పరుగెత్తాయి, మా వార్డు వచ్చింది, ఆ మూడు మాటల పేరు వచ్చింది, ఎదురుగా గెలుపు అని. నేను తొడ మీద చరుచుకుని లేచాను. చూశావా, చూశావా, నేను వేసినాయనే గెలిచాడు, దేశమంతా మునిగినా మన వార్డులో నాలుగు మంచి బుర్రలున్నాయి, అని వంటింట్లో ఉన్న మనిషిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. చేతులు తడిగా ఉన్నాయి ఆవిడవి. అప్పుడే వీధి మొదట్లోంచి వినిపించింది, ఉఫ్, ఉఫ్, హలో, హలో. వార్డులోని జనమంతా వీధిలోకి వచ్చేశారు, మేమూ అరుగు మీదికి వచ్చాం, బండి మీద దండల్లో మునిగిపోయి మైకు, కింద కుర్రాళ్ళు ఆ మూడు మాటల పేరూ ఒక్కో మాట విడదీసి, వర్ధిల్లాలి, వర్ధిల్లాలి అని. పేరు ఆ మనిషి మీద కూర్చోవడానికి నాకు ఎంతసేపు పట్టిందో తెలీదు, కూర్చున్నాక మాత్రం కదల్లేదు. మైకు నన్ను చూసి, మాస్టారూ నమస్కారం, మీలాంటి పెద్దల ఆశీస్సులండీ, అని వీధంతా వినబడేలా అన్నాడు. అప్పుడు విరిగింది పన్ను. మా ఆవిడ నా వైపు చూసింది, చూసి నవ్వలేదు. నవ్వితే బావుండేది. లోపలికొచ్చాక ఉప్పునీళ్ళు కలిపి తెచ్చి, పుక్కిలించు అని, తర్వాత నెమ్మదిగా, "నేనెవరికీ చెప్పనులే," అంది. ఇన్నేళ్ళ కాపురంలో నా మీద ఇంత జాలి పడటం నేను చూడలేదు, అంతకంటే ఆవిడ ఆ నీళ్ళు నా మొహాన కొట్టినా తట్టుకునేవాణ్ణి.

నా ఒక్క ఓటు లేకపోయినా వాడు గెలిచేవాడే, పెద్ద తేడాతో గెలిచాడు. ఈ లెక్క మొన్నటి నుంచి వంద సార్లు వేసుకున్నాను. ఒక్క ఓటుతో ఏమవుతుంది సార్ అని తరగతిలో వెనక బెంచీవాళ్ళు అన్నప్పుడల్లా వాళ్ళని నిలబెట్టి కడిగేసేవాణ్ణి, ఇప్పుడు ఆ బెంచీ మీద చోటు కోసం నేను జరగమంటున్నాను. పోనీ, నా ఓటు సంగతి అలా ఉంచితే, ఆవిడ ఓటు? బయట బల్ల మీద కూర్చుని ఉంది టైలరమ్మ, నా తర్వాత ఆవిడదే వంతు, ఇందాక లోపలికొస్తూ చూసి తల దించుకుని వచ్చేశాను. మా వీధి చివర మిషను పెట్టుకుని కుడుతుంది, నా చొక్కాల కాలర్లు తిప్పి కుట్టేది ఆవిడే, పైన పళ్ళు లేవు, ఇక్కడే కట్టుడు పళ్ళు చేయిస్తున్నారు, ఇంకా పూర్తికాలేదు, అందుకే మాట్లాడినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. పోలింగ్ రోజు లైన్లో నా ముందు ఆవిడే. గుమ్మం దగ్గర పేర్ల కాగితం అంటించారు, కళ్ళజోడు మరిచిపోయి వచ్చానని, చెయ్యి అడ్డం పెట్టుకునే వెనక్కి తిరిగి అడిగింది, "సారూ, మైకు అసలు పేరేంటండీ? వాడికి పడకుండా ఏసుకుందామని. నా పళ్ళు మజ్జలో ఉన్నాయి కదా, ఆస్పత్రి పడగొడితే ఎట్టా?" తెలీదమ్మా అంటే సరిపోయేది. ముందున్నవాళ్ళని అడుగుదాం అంటే సరిపోయేది, లైన్లో ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది. నా వెనకాల ఇద్దరు కాలేజీ పిల్లలున్నారు, నా విద్యార్థులే, వింటున్నారు. నేను గొంతు సవరించుకున్నాను. అలా అడక్కూడదమ్మా, ఓటు రహస్యం, బూత్‌కి ఇంత దగ్గరలో ఒక అభ్యర్థి గురించి మాట్లాడటం నేరం, మీ వివేకంతో మీరు వేసుకోవాలి, అన్నాను. ఆవిడ భయపడిపోయింది. చుట్టూ చూసింది, నిజంగా పోలీసులు పట్టుకెళ్తారేమోనన్నట్టు. "తప్పైపోయింది సారూ," అంది. నాకు క్షమాపణ చెప్పింది. పిల్లలిద్దరూ సార్ ఎంత బాగా చెప్పారో అన్నట్టు చూశారు, ఆ చూపుకి నేను పొంగిపోయాను, పొంగిపోయాను, ఆ మాట దాచను. ఆవిడ లోపలికి వెళ్ళి ఏం చేసిందో, ఏ పేరు మీద పెట్టిందో, బయటికొస్తూ నా మొహంలోకి చూసింది, సరిగ్గా వేశానా అని అడగలేక. అడగడం నేరమని అప్పుడే నేర్చుకుంది కదా నా దగ్గర.

జనానికి తెలీదు, తెలీదు అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. తెలుసుకుందామని వచ్చిన ఒక్క మనిషిని పట్టుకుని నోరు నొక్కేశాను. పెద్దాయన ప్రశ్నలడిగేవాళ్ళని ఏం చేస్తాడో అని వణికిపోయానే, నేనేం చేశాను? ఛీ. ఆ రబ్బరు గుడ్డ కింద నాలుక కదుపుతుంటే నాకు మొట్టమొదటిసారి నోరు కట్టేయడం ఎంత మంచిదో తెలిసింది. ఇంతా చేసి రేపు సాయంత్రం వార్డు సభ, ఈ ఆస్పత్రి వరండాలోనే, కూలగొట్టొద్దని అందరూ కలిసి అడగడానికి, ప్రధాన వక్త నేను. పిల్ల అందరికీ చెప్పేసింది, మా బాబాయ్ మాట్లాడతాడు, ఆయన మాట్లాడితే మైకు కూడా వింటాడు అని. మాట్లాడతాను. మాట్లాడటం నాకేమన్నా కష్టమా, మోసపోయిన సోదరులారా అని మొదలుపెట్టి, స్థానిక స్వపరిపాలన అంటే ఏమిటో చెప్పి, చప్పట్లు కొట్టించుకుని దిగుతాను, మైకు మొదటి వరసలో కూర్చుని నవ్వుతాడు, మా ఆవిడ వెనక వరసలో కూర్చుని నేల చూస్తుంది, టైలరమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని వింటుంది. ఆవిడ పళ్ళ అచ్చు అక్కడే ఉంది, బేసిన్ పక్కన, తెల్ల సుద్దతో చేసింది, ఇక్కడి నుంచి కనిపిస్తోంది. ఎవరికీ తెలీదు. మా ఆవిడ చెప్పదు. బ్యాలెట్ చెప్పదు. రహస్యం ఎంత గట్టిదో నాకంటే బాగా ఎవరికి తెలుసు.

యంత్రం ఆగింది. ఏదో మెత్తటిది పెట్టి అదిమింది, కొక్కెం ఊడదీసింది, రబ్బరు గుడ్డ పెదవుల మీంచి లేచింది, గాలి తగిలింది. "అయిపోయింది. పుక్కిలించు. ఇప్పుడు మాట్లాడొచ్చు బాబాయ్, ఇందాకట్నించి ఎన్ని దాచుకున్నావో అన్నీ అనేసెయ్," అంది నవ్వుతూ, మాస్కు గడ్డం కిందికి లాక్కుని. కుర్చీ నిలువుగా లేచింది. నీళ్ళు సగం పెదవిలోంచి చొక్కా మీదికి కారాయి.

"నేనే వేశాను," అన్నాను.

"ఏం వేశావు?"

"మైకుకి. నేనే వేశాను."

నవ్వింది. నవ్వు సగంలో నా మొహం చూసి ఆగింది. అక్క గొట్టం కట్టేసింది. "ఎందుకు బాబాయ్?"

"వాడి పేరు తెలీక."

చెప్పాను, మొద్దుబారిన నాలుకతో, మాట మాటకీ తుడుచుకుంటూ. మూడు మాటల పేరూ, పొట్టి పేరూ, ఎందుకు దాన్ని వదిలేశానో అదీ, లైన్లో టైలరమ్మకి చెప్పిన నీతీ. వేళాకోళంగా చెబుదామని చూశాను, రాలేదు. అక్క మొదట్లో ఒకసారి పక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకుంది. మా అన్నయ్య కూతురు నవ్వలేదు, తిట్టలేదు. చేతి తొడుగులు తీసి చెత్తబుట్టలో వేసి, కుళాయి తిప్పి, చేతులు కడుక్కుంది, చాలాసేపు కడుక్కుంది, వీపు నా వైపే పెట్టి. ఆ వీపు చూస్తూ కూర్చున్నాను. దానికి ఏడుపొస్తోందో కోపమొస్తోందో వీపు చెప్పదు.

"రేపటి సభకి ఇంకెవరినైనా పెట్టుకోవే," అన్నాను. "ఏ మొహం పెట్టుకుని రాను?"

"ఈ మొహమే పెట్టుకుని రా." ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇప్పుడు నాకు చెప్పావు చూడు, ఇదే చెప్పు. ఇది తప్ప ఇంకేమీ చెప్పకు. నువ్వు రాజ్యాంగం చెబితే మైకు చప్పట్లు కొడతాడు బాబాయ్. ఇది చెబితే... ఏమో, నాకు తెలీదు. ఇంకా నలుగురైనా లేస్తారేమో, నేనూ అంతే అని."

"లేవకపోతే?"

"లేవకపోతే నువ్వొక్కడివే నిలబడతావు." తువ్వాలుతో చేతులు తుడుచుకుని, కొత్త తొడుగులు లాక్కుంటూ, నా వైపు చూడకుండానే అంది, "అక్కా, టైలరమ్మని లోపలికి పిలువు."

"ఉండవే, నేను వెళ్ళాక పిలువు."

"వెళ్ళక ముందే పిలువు అక్కా."

తలుపు తెరుచుకుంది. టైలరమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది, కుర్చీలో ఇంకా నేనున్నానని. తడిసిన చొక్కా, ఒక పక్కకి జారిన పెదవి చూసి, "బాగా నొప్పెట్టిందా సారూ?" అని నా కోసం కంగారు పడింది. నేను లేచి, కుర్చీ ఆవిడకి వదిలి, ఎదురుగా నిలబడ్డాను.

"అమ్మా, లైన్లో మీరు అడిగింది తప్పు కాదు," అన్నాను. "నాకే తెలీదు."